గిరియప్ప గారు ఇది తినొచ్చా?

మొదటి క్లాసుకి ఓంకార్ పదహారు నిమిషాలు ఆలస్యంగా వెళ్ళాడు.

ట్రైనింగ్ రూములో ఉన్నది ఇద్దరే. బోర్డు దగ్గర టీచరు. ముందు బెంచీలో వెంకటగిరియప్ప, చేతిలో కొత్త నోటుబుక్కు. ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళుగా ఫిట్టరు ఆయన. అందరూ గిరియప్ప అనే పిలుస్తారు.

"సారీ మేడం. ట్రాఫిక్."

"యాడ నుంచి వస్తా ఉండారు?" అందామె తెలుగులోనే.

"చందాపుర."

"నేను యలహంక నుంచి వస్తా ఉండా."

యలహంక అంటే బెంగళూరుకి ఆ కొస. అక్కడ నుంచి ఫ్యాక్టరీ ఉన్న ఆనేకల్ రావాలంటే రెండు బస్సులు, మధ్యలో మెట్రో. చందాపుర నుంచి బైకు మీద ఇరవై నిమిషాలు. గిరియప్ప నోటుబుక్కులోకి తల దించుకుని నవ్వు దాచుకున్నాడు.

"ఒకురెతె సుమిమాసెన్. ఆలస్యమైనందుకు క్షమించమని. చెప్పి కూర్చోండి."

"ఒక రొట్టె సుమిమాసెన్," అన్నాడు ఓంకార్.

"రొట్టె కాదు."

ఐదుసార్లు చెప్పించింది. ఐదోసారీ రొట్టే వచ్చింది. ఆమె ఇంక వదిలేసి పాఠంలోకి వెళ్ళిపోయింది.

ఆ ఫ్యాక్టరీలో ప్యాకింగ్ మెషీన్లు తయారవుతాయి. చిప్స్ గానీ బిస్కెట్లు గానీ కవర్లో పెట్టి, అంచులు అతికించి, బయటికి తోసేవి. ఓంకార్ డిజైన్ ఇంజినీరు. ఒంగోలు అబ్బాయి, ఇరవై తొమ్మిదేళ్ళు. కొత్త రకం మెషీన్ నేర్చుకోవడానికి అతన్నీ గిరియప్పనీ ఆరు వారాలు జపాన్ పంపుతున్నారు. వెళ్ళేలోగా నాలుగు మాటలైనా రావాలని హెచ్ఆర్ మేనేజరు స్టాన్లీ ఒక భాషా సంస్థతో మాట్లాడి టీచరును రప్పించాడు. పేరు మునిలక్ష్మి. సంస్థవాళ్ళు పంపిన కరపత్రంలో ఆమె ఫొటో కింద 'జపాన్‌లో రెండేళ్ళ అనుభవం' అని ఉంది.

మూడో క్లాసులో ఓంకార్ మాట కలపబోయాడు.

"జపాన్‌లో మీరు ఏ ఊళ్ళో ఉండేవారు మేడం?"

బోర్డు మీద మార్కర్ ఒక్క క్షణం ఆగింది.

"పద్దెనిమిదో పేజీ తియ్యండి," అందామె.

సొంత విషయాలు అడిగితే నచ్చదేమో అనుకున్నాడతను. పద్దెనిమిదో పేజీ తీశాడు.

పదో క్లాసు ఆఖరిది. గిరియప్ప నోటుబుక్కు మూసి, చాలా రోజులుగా లోపల పెట్టుకున్న భయం బయటపెట్టాడు.

"అమ్మా, మాది నేతగాళ్ళ ఇల్లు. పుట్టినప్పటి నుంచి గుడ్డు కూడా ముట్టినోణ్ణి కాదు. ఆడ ఏం తిని బతికేది?"

"ఆడ సందుకొక అంగడి ఉంటాది. కొంబిని అంటారు. ఎప్పుడూ తెరిచే ఉంటాది. అన్నం ఉండలు, బన్నులు, తాగేవి, అన్నీ ఉంటాయి. పైన బొమ్మ చూసి మాత్రం నమ్మొద్దండి. వెనక రాసుండేది ఫొటో తీసి నాకు పంపండి. చదివి చెప్తాను."

"నా ఫోన్లో బొమ్మలు పోవమ్మా. మాట ఒకటే పోయేది."

"నేను పంపుతాలెండి," అన్నాడు ఓంకార్.

మునిలక్ష్మి అతని వైపు చూసింది. క్లాసుకే టైముకి రాని మనిషి ఒక పెద్దాయన ఆకలిని టైముకి పట్టించుకుంటాడా అని బేరీజు వేస్తున్న చూపు అది.

"లేటు చెయ్యకుండా?"

"ఒక రొట్టె సుమిమాసెన్."

పది క్లాసుల్లో ఆమె నవ్వింది అప్పుడే. నవ్వేశాక నవ్వినందుకు కాస్త చిరాకు పడినట్టు బ్యాగు సర్దుకుంది.

* * *

వాళ్ళు దిగిన చోటు పెద్ద నగరమేమీ కాదు. ఫ్యాక్టరీ, వరిపొలాలు, ట్రైనీల హాస్టలు, హాస్టలు ఎదురుగా ఒక కొంబిని. మొదటి సాయంత్రం వాన. ఇద్దరూ ఒకే గొడుగులో రోడ్డు దాటి లోపలికి అడుగుపెట్టారు. గిరియప్ప అల్మరాల మధ్య నిలబడి చుట్టూ చూసి, "ఇంత తిండి ఉండాది, నాకు మాత్రం ఏమీ లేదంటావా?" అన్నాడు.

అక్కడ సాయంత్రం ఏడంటే బెంగళూరులో మధ్యాహ్నం మూడున్నర. మునిలక్ష్మికి రెండు క్లాసుల మధ్య ఖాళీ అదే.

ఓంకార్ ఒక అన్నం ఉండను తిప్పి ఫొటో తీశాడు. 'గిరియప్ప గారు ఇది తినొచ్చా?'

'వద్దు. మూడో లైన్లో కత్సువో అని ఉండాది. ఎండుచేప.'

'పైన సముద్రపు నాచు బొమ్మే ఉందండి.'

'బొమ్మ నమ్మొద్దని చెప్పినా కదా.'

చిప్స్ ప్యాకెట్టు పంపాడు. కోడి రసం పొడి కలిసింది. పళ్ళ జెల్లీ పంపాడు. అందులో జంతువుల ఎముకల నుంచి తీసే జెలటిన్. కూరగాయల సూపు పంపాడు. పంది కొవ్వు. గిరియప్ప ఒక్కో జవాబుకీ ఒక్కో వస్తువు వెనక్కి పెట్టేస్తుంటే, కౌంటరు దగ్గర ఉన్న పెద్దావిడ ఏమి తప్పు జరిగిందో అర్థంకాక వంగి వంగి నమస్కారం చేస్తోంది.

ఆరో ఫొటోకి జవాబు మారింది. 'ఇది తినొచ్చు. బియ్యం, ఉప్పు, నాచు ఆకు. అంతే.'

గిరియప్ప తెచ్చుకున్న చట్నీపొడి నంజుకుని రెండు ఉండలు తిన్నాడు. "చిత్రాన్నం చేస్తా చేస్తా మధ్యలో లేచిపోయినట్టుండాదప్పా," అన్నాడు. కానీ తిన్నాడు.

ఓంకార్‌ని మాత్రం ఆ ఉండ మీది కవరు పట్టుకుంది. దాని మీద ఒకటి, రెండు, మూడు అని అంకెలున్నాయి. ఆ వరసలో లాగితే రెండు పొరల మధ్య పొడిగా దాచిన నాచు ఆకు వచ్చి అన్నానికి చుట్టుకుంటుంది, చెయ్యి అంటకుండా. వృత్తిరీత్యా కవర్లు చేసే మనిషి అతను. ఆ రాత్రి నాలుగు ఉండలు కొని, విప్పి, వీడియో తీసి ఆమెకి పంపాడు.

'అది మీ ఉద్యోగం,' అని జవాబు. 'నా ఉద్యోగం వెనక రాసింది చదివేది.'

కాసేపయ్యాక ఇంకో మెసేజ్. 'ఇంకొకసారి నిదానంగా తెరిచి పంపండి.'

అలా రోజూ మూడున్నరకి ఫొటోలు వెళ్ళేవి. పది పంపితే ఎనిమిది వద్దు, రెండు సరే. సరే అన్నవి పెరుగుతూ వచ్చాయి. కౌంటరు పక్క వేడిపెట్టెలో కాల్చిన గెనుసుగడ్డ దొరికిన రోజు గిరియప్ప దాన్ని రెండు చేతులతో పట్టుకుని, ఇంటి మనిషి కనిపించినట్టు చూశాడు. ఉప్పునీళ్ళలో ఉడికిన పచ్చి సోయా కాయలు తిని, "మన అనపకాయలకి తమ్ముడప్పా ఇది," అన్నాడు. ఎర్ర చిక్కుడుగింజల పూర్ణం పెట్టిన మెత్తటి బియ్యప్పిండి ఉండలకి మాత్రం ఏ బంధుత్వమూ చెప్పలేదు. మాట్లాడకుండా మూడు తిన్నాడు. ఆమె వద్దన్నవన్నీ ఓంకార్ తినేవాడు. గుడ్డు శాండ్‌విచ్, నూడుల్స్ కూరిన బన్ను, వేపుడు కోడి. అవెలా ఉన్నాయో కూడా రాసేవాడు. ఎవరూ అడగలేదు, అయినా రాసేవాడు.

రెండో వారంలో ఆమె ప్రశ్నలు మారాయి.

'వేడి డబ్బాల్లో కాఫీ ఉంటాది కదా. పట్టుకుంటే చెయ్యి కాలుతాదా?'

'తలుపు తెరుచుకుంటే ఏదో పాట వస్తాదంట. ఏం పాట?'

'వాన పడితే తడిసిన గొడుగు యాడ పెడతారు?'

రెండేళ్ళు అక్కడ ఉన్న మనిషికి ఈ మూడూ తెలియకుండా ఉండవు. ఓంకార్ ఫోను పట్టుకుని అల్మరాల మధ్య కొంచెంసేపు నిలబడ్డాడు. అప్పుడు పద్దెనిమిదో పేజీ గుర్తొచ్చింది.

బయటికి వెళ్ళి మళ్ళీ లోపలికి వచ్చి తలుపు పాట రికార్డు చేసి పంపాడు. గొడుగుల స్టాండు ఫొటో తీశాడు. వేడి డబ్బా అరచేతిలో పెట్టుకుని, 'మొదట కాలుతుందండి, ఇరవై లెక్కపెట్టేసరికి హాయిగా ఉంటుంది,' అని రాశాడు.

ఆ రోజు నుంచి అతను ఆ అంగడిని మరోలా చూడటం మొదలుపెట్టాడు. లేబుళ్ళతో పాటు కౌంటరు పెద్దావిడ చిల్లర రెండు చేతులతో ఇచ్చే తీరు, స్కూలు పిల్లలు బయట గట్టు మీద కూర్చుని ఐస్‌క్రీం తినడం, వానకి మసకబారిన అద్దం మీద లోపలి లైట్లు, ఇవన్నీ వెళ్ళేవి. ఆమె ఒక్కోదానికీ ఒక్క మాటే రాసేది. 'చూసినా.' కొన్నిసార్లు ఆ మాట పది నిమిషాల తరవాత వచ్చేది. ఆ పది నిమిషాలూ ఆమె దాన్నే చూస్తూ ఉండిపోయిందని అతను అనుకునేవాడు. అనుకోవడానికి ఖర్చేముంది.

మూడో వారం చివర ఆనేకల్ నుంచి ఫోను. గిరియప్ప కూతురికి నెలలు నిండకముందే నొప్పులు. మెకానికల్ పని నేర్చుకోవడం ఎలాగూ అయిపోయింది కాబట్టి కంపెనీ ఆయన టికెట్టు మార్చింది. మర్నాడే ఆయన విమానం ఎక్కాడు. దిగేసరికి మనవరాలు పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం.

ఆ సాయంత్రం ఓంకార్ ఒక్కడే కొంబినికి వెళ్ళాడు. చెప్పేద్దామనే ఫోను తీశాడు. ఈలోగా ఆమె మెసేజే వచ్చింది. 'ఈ రోజు ఫొటో రాలేదు. పెద్దాయన తిన్నారా?'

ఆయన వెళ్ళిపోయారు అని రాస్తే ఈ మూడున్నర అక్కడితో ఆగిపోతుంది. అతను ఒక బన్ను తిప్పి ఫొటో తీశాడు.

'గిరియప్ప గారు ఇది తినొచ్చా?'

ఒక్క రోజే అనుకున్నాడు. రెండో రోజు అబద్ధానికి కాస్త వివరం కావాల్సి వచ్చింది. పెద్దాయనకి నోరు చేదుగా ఉందట, సరిగ్గా తినడం లేదట అని రాశాడు. నాలుగో రోజు ఆమె దగ్గర్నుంచి ఒక ఫైలు వచ్చింది. నలభై వస్తువుల పేర్లు, పక్కన జపాన్ అక్షరాల్లో పెద్దగా, ఆ పక్కన తెలుగులో. కింద జపాన్ భాషలో ఒక ఉత్తరం: ఈ పెద్దాయన చేప, మాంసం, గుడ్డు తినరు, దయచేసి సాయం చేయండి అని.

'నిన్న ఆదివారమంతా కూర్చొని చేసినా,' అని రాసింది. 'మీరు పక్కన లేనప్పుడు ఆయన ఇది చూపిస్తే చాలు.'

కొంబినిలోనే కాపీ మెషీన్ ఉంది. ఓంకార్ దాన్ని ప్రింటు తీశాడు. వేడిగా బయటికొచ్చిన ఆ కాగితాన్ని చూస్తుంటే చెవులు కూడా వేడెక్కాయి. రేపు చెప్పేయాలి అనుకున్నాడు. ఆ రేపుని శనివారం దాకా లాగాడు.

* * *

శనివారం అక్కడ సెలవు, ఆనేకల్‌లో పని దినం. ఓంకార్ సాయంత్రం పెందరాళే కొంబినికి వెళ్ళాడు. అంతా రాసేద్దామని నాలుగు వాక్యాలు ఆలోచించుకున్నాడు. మొదటి వాక్యానికి ధైర్యం చాలక, ఎప్పటిలాగే ఒక పెరుగు డబ్బా ఫొటో పంపాడు.

'గిరియప్ప గారు ఇది తినొచ్చా?'

'ఉండండి. అడిగి చెప్తాను.'

ఎవరిని అడుగుతుంది అని అతను ఆలోచించేలోపే ఫొటో వచ్చింది. ఫ్యాక్టరీ క్యాంటీను. స్టీలు ప్లేటు. ప్లేట్లో రాగిముద్ద, చారు. ముద్ద తుంచుతూ కెమెరా వైపు అమాయకంగా చూస్తున్న గిరియప్ప.

వెంటనే ఫోను మోగింది.

"ఏమప్పా ఓంకారూ," అంది గిరియప్ప గొంతు. "నేను ఆడ నోరు చేదయి పండుకోని ఉండానంట? నాకు ఈడ రెండో ముద్ద వేస్తా ఉండారు!"

"గిరియప్ప గారూ, మీరు క్యాంటీన్లో... ఆవిడ అక్కడ ఎందుకు..."

"రెండో బ్యాచికి క్లాసు చెప్పేకి వచ్చిందప్పా. నన్ను చూసి దయ్యాన్ని చూసినట్టు నిలబడిపోయింది. ఇస్తా ఉండా, మాట్లాడు."

ఫోను చేతులు మారింది. క్యాంటీన్ చప్పుడు వెనక్కి పోయింది. ఆమె బయటికి నడిచినట్టుంది.

"ఎన్నాళ్ళాయె ఆయనొచ్చి?"

"ఎనిమిది రోజులు."

"నేను ఆదివారం పొద్దున్నుంచి సాయంకాలం దాకా ఎవురికోసం రాసినా ఆ పట్టీ? పెద్దాయన పస్తుంటాడని మా అమ్మకి చెప్పి బేజారు పడితిని. ఊరికే సుమ్నే ఆట ఆడిస్తిరా నన్ను?"

"ఆట కాదండి. సారీ. నేను... మీకు చూపిద్దామని. మీరు ఎప్పుడూ ఇక్కడికి రాలేదని నాకు తెలుసు. అందుకే..."

అనేశాక ఆ మాట తనకే వినిపించింది. అవతల ఫోను ఆగిపోయింది. అతను రాసిన మెసేజ్‌లకి ఆ రోజు గానీ ఆ తరవాత గానీ జవాబు లేదు. మిగిలిన రోజులు అతను హాస్టలు క్యాంటీన్లో వాళ్ళు పెట్టింది తిన్నాడు.

* * *

బెంగళూరు తిరిగొచ్చిన మొదటి రోజే స్టాన్లీ పిలిచాడు.

"నీ టీచర్ గురించి విన్నావా? ఆ శనివారం సీదా నా క్యాబిన్‌కి వచ్చింది. సార్, నేను జపాన్ చూసిన మనిషిని కాదు, ఆ రెండేళ్ళు మా సంస్థ ఓనరు కల్పించి వేసిన మాట, నేను కాదనలేదు, అంది. నేనేం చెయ్యాలి చెప్పు? పైకి రిపోర్ట్ చేశాను. అక్కడ ఆ ఓనరు ఆమెని తీసేశాడు."

ఓంకార్ కుర్చీలోంచి లేచాడు. "నా వల్లే సార్," అన్నాడు.

"నీ వల్ల ఏంటి?"

చెప్పలేకపోయాడు. గిరియప్పకి చెప్పాడు. ఆయన టూల్స్ తుడుచుకుంటూ అంతా విన్నాడు.

"నేను కూడా స్టాన్లీ సారుకి చెప్పినా. ఆయమ్మ చూడకుండానే నాకు మూడు వారాలు కడుపు నింపింది, చూసుంటే ఇంకెంత చేసుండునో అని. పైవాళ్ళు ఒక గంట జపానోళ్ళతో మాట్లాడిచ్చి చూసినారంట. భాష బాగుండాదని ఆ దొరలే చెప్పినారు. గురువారం వస్తాది, కాయితాలు సంతకం పెట్టేకి. రెండో బ్యాచితో ఆయమ్మే పోతాది, వాళ్ళ మాట మనోళ్ళకి మార్చి చెప్పేకి."

"నిజంగానా?"

"నాకు అబద్ధం చెప్పే అలవాటు లేదప్పా," అన్నాడు గిరియప్ప. అని, అతని మొహం చూసి జాలిపడ్డాడు. "ఫోన్లో కాదు. ఎదురుగా పోయి నిలబడు."

గురువారం సాయంత్రం ఆనేకల్ బస్టాండులో వాన. మునిలక్ష్మి షెల్టరు కింద, భుజానికి బ్యాగుతో, మెజెస్టిక్ వెళ్ళే బస్సు కోసం చూస్తోంది. ఓంకార్ బైకు దిగి తడిసిన హెల్మెట్టు చేత్తో పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. ఆమె అతన్ని చూసి పక్కకి జరిగింది. వెళ్ళిపోవడానికి కాదు, షెల్టరు కిందికి చోటివ్వడానికి.

"మిమ్మల్ని బెదిరించాలని అనలేదండి ఆ మాట," అన్నాడు.

"మొదట అట్లే అనుకున్నా. ఇంక ఈయన అందరికీ చెప్తాడు అని. క్యాంటీను బయట పది నిమిషాలు నిలబడితిని. తరవాత అనిపించింది, వేరేవాళ్ళు చెప్పే ముందు నేనే చెప్తే పోతాది కదా అని." ఆమె వాన వైపు చూస్తూ మాట్లాడుతోంది. "ఎనిమిదేళ్ళుగా పాఠం చెప్తా ఉండా. పిల్లలు అడుగుతారు, మిస్, ఆడ చలి ఎట్లుంటాది, రైలు ఎట్లుంటాది అని. ఏదో ఒక పేజీ తెరవమంటా. ఎవురో ఒకరు అడుగుతారని కాచుకోనే ఉన్నా. మీరైతిరి."

"ఉద్యోగం పోయింది కదండీ నా వల్ల."

"ఆ ఉద్యోగం పోవాల్సిందే. దాని గురించి కోపం లేదు." అప్పుడు అతని వైపు తిరిగింది. "పెద్దాయన గురించి చెప్పిన అబద్ధానికి ఉండాది."

ఓంకార్ హెల్మెట్టు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"ఆయన వెళ్ళిన రోజు కొంబినికి వెళ్ళాను. అంతకుముందు రోజు ఉన్నవే ఉన్నాయి అన్నీ. మీకు పంపడానికి కారణం లేదనుకునేసరికి ఒక్కటీ చూడబుద్ధి కాలేదు. నాకు మీరంటే ఇష్టం మునిలక్ష్మి గారూ. అది చెప్పడం చేతకాక పెద్దాయన్ని పస్తు పెట్టాను."

ఆమె పెదవి చివర ఏదో కదిలి ఆగింది.

"ఇష్టముంటే అబద్ధం చెప్తారా?"

"చెప్పకూడదు."

"మళ్ళీ చెప్తారా?"

"చెప్పను. చెప్పినా దొరికిపోతాను. మీరు చూశారు కదా."

బస్సు వచ్చింది. ఆమె బ్యాగు సర్దుకుని మెట్టు మీద కాలు పెట్టింది.

"వచ్చే నెల పోతా ఉండా. ఇరవై ఎనిమిది దినాలు. మీరు ఫోను చెయ్యొద్దు, ఏమీ పంపొద్దు. ఆ ఊరు నా కండ్లతో నేను చూసుకోవాల. మీరడిగినదానికి వచ్చినాక చెప్తాను."

బస్సు కదిలింది. తను ఏదైనా అడిగాడా అని ఓంకార్ కాసేపు ఆలోచించాడు. అడగలేదు. కానీ ఆమె విన్నది.

* * *

ఆమె వెళ్ళాక అతను మాట మీద నిలబడ్డాడు. ఫోను చెయ్యలేదు. మూడున్నరకి మాత్రం ఎక్కడున్నా ఒకసారి ఫోను తీసి చూసుకునేవాడు. గిరియప్ప అది గమనించి, ఆ టైముకి కావాలనే స్పానరు అడిగేవాడు.

పన్నెండో రోజు మూడున్నర దాటి రెండు నిమిషాలకి ఫొటో వచ్చింది. కొంబిని కౌంటరు మీద ఒక సీసా. మెడ దగ్గర నొక్కులు, నొక్కులో గాజు గోలీ.

'ఇది ఎట్ల తెరిచేది?'

ఓంకార్ దాన్ని చూశాడు. గోలీ సోడా. బెంగళూరులో పుట్టి పెరిగి, గోలీ సోడా కొట్టడం తెలియని మనిషి ఉంటుందా? ముఖ్యంగా జపాన్ అక్షరాలు చదవడం వచ్చిన మనిషి, మూత మీదే అంత పెద్దగా బొమ్మ వేసి ఉంటే?

ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి, ఓపిగ్గా బొమ్మ గీసి పంపాడు.

'చూసినా,' అని జవాబు వచ్చింది. వెంటనే వచ్చింది.

ఆ సాయంత్రం గిరియప్ప అడగకుండానే అతను స్పానరు తెచ్చిచ్చాడు.

* * *

ఆమె తిరిగొచ్చే రోజు స్టాన్లీని అడిగి తెలుసుకున్నాడు. ఆదివారం పొద్దున పదకొండుకి, సింగపూర్ మీదుగా. తొమ్మిదిన్నరకే విమానాశ్రయం చేరాడు. ఆలస్యం కాకూడదని.

పదకొండు కావస్తుండగా బయటికొచ్చే ద్వారం దగ్గరికి వెళ్తే, రెయిలింగుకి ఆనుకుని ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. తెల్లచొక్కా, భుజాన టవలు.

"సింగపూరు విమానం దిగిందా అప్పా?" అని అడిగాడు తెలుగులో.

"నలభై నిమిషాలు లేటండి. అక్కడ రాశారు."

"అంతసేపు నిలబడాల్నా!"

ఓంకార్ రెండు కాఫీలు తెచ్చాడు. ఆయన వద్దంటూనే తీసుకున్నాడు.

"ఎవురి కోసమప్పా?"

"ఒక... ఒకావిడ కోసమండి. ఒక మాట అడిగాను. వచ్చాక జవాబు చెప్తానంది."

"ఏం మాట?" అని ఆయన ఓంకార్ మొహం చూసి, "ఓ, ఆ మాటనా," అన్నాడు. "ఏం చెప్తాది అంటావు?"

"తెలీదండి. ఒకసారి అబద్ధం చెప్పి దొరికిపోయాను."

"పెద్దదా?"

"ముద్ద తింటున్న మనిషి పస్తున్నాడని చెప్పాను."

పెద్దమనిషికి కాఫీ పొలమారింది. టవలుతో మూతి తుడుచుకున్నాడు. "నేను మా ఇంటామెకి చూపులప్పుడు రెండంగళ్ళు ఉండాయని చెప్పినా. ఉండింది ఒకటే."

"తెలిశాక ఏమయిందండీ?"

"మూడు నెలలు మాట్లాడలేదు. నాలుగో నెల వచ్చి అంగట్లో కూర్చునింది. ముప్ఫై రెండేండ్లాయె, ఇంకా లేవలేదు. ఇప్పుడు ఆడ నాకుండేది ఒక స్టూలు."

ఓంకార్ నవ్వాడు. చాలా రోజులకి తేలిగ్గా అనిపించింది. "అంగడి ఎక్కడండీ?"

"యలహంక. పాత ఊర్లో."

ఓంకార్ చేతిలో కప్పు దారిలోనే ఆగిపోయింది.

"మీరు... ఎవరి కోసం వచ్చారండీ?"

"మా అమ్మాయి కోసం. జపాను నుంచి వస్తా ఉండాది. నా పేరు మునినారాయణప్ప."

ఓంకార్ రెయిలింగు వదిలి నిటారుగా నిలబడ్డాడు. చెప్పకూడనివన్నీ అప్పటికే చెప్పేశాడు. పారిపోదామా అంటే అవతల తలుపు తెరుచుకుని జనం రావడం మొదలైంది. ఆ జనంలో రెండు పెట్టెలు తోసుకుంటూ మునిలక్ష్మి. కాస్త చిక్కింది. జుట్టు కత్తిరించుకుంది. తండ్రినీ ఓంకార్‌నీ పక్కపక్కన, చేతుల్లో ఒకే రకం కాఫీ కప్పులతో చూసి ఆగింది.

"నాయనా, ఈయన..."

"గంటయింది మాట్లాడిస్తా ఉండా," అన్నాడు మునినారాయణప్ప తొణక్కుండా. "నువ్వు చెప్పినట్లే ఉండాడు. అబద్ధం సంగతి దాస్తాడేమో అనుకుంటి. నేను అడగకముందే చెప్పేసినాడు."

"మీకు ముందే తెలుసా అండీ?" అన్నాడు ఓంకార్.

"నీ ఫొటో పంపింది కదప్పా, పోయిన వారమే. నువ్వు వచ్చి పక్కన నిలబడినప్పుడే గుర్తుపడితిని. కాఫీ తెస్తావో లేదో చూద్దామని ఊరికే ఉంటి."

ఓంకార్ మునిలక్ష్మి వైపు తిరిగాడు. "అంటే... జవాబు..."

"ఇంట్లో చెప్పి పదైదు దినాలాయె," అందామె. "మీకు చెప్పేదొకటే మిగిలింది."

"చెప్పండి మరి."

"మా నాయన ముందరా?"

మునినారాయణప్ప టవలు సర్దుకుని విమానాల బోర్డు వైపు తిరిగాడు. కొచ్చిన్ విమానం ఎప్పుడొస్తుందో చాలా శ్రద్ధగా చదవసాగాడు.

"సరే," అంది మునిలక్ష్మి.

"సరే అంటే..."

"సరే అంటే సరే. ఎన్నిసార్లు చెప్పించుకుంటారు?"

"అయితే సామాను ఎత్తుకో అప్పా," అన్నాడు మునినారాయణప్ప, బోర్డు మీద నుంచి చూపు తిప్పకుండానే. "వ్యాను దూరంగా పెట్టినా."

ఓంకార్ రెండు పెట్టెలూ అందుకున్నాడు. నాలుగడుగులు వేశాక ఆమె పక్కకి వచ్చి, ఏమీ అనకుండా అతని చేతిలోంచి ఒకటి తీసుకుంది.